పోయిందా, లాక్కుపోయారా?

ఏటా డిసెంబరు ఆఖరి వారంలో జిల్లా పేజీలో ఒక వార్త వస్తుంది. పోలీసు అధికారులు ప్రెస్ మీట్ పెట్టి ఆ ఏడాది లెక్కలు చెబుతారు. హత్యలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, పోయినేడుతో పోలిస్తే నేరాలు తగ్గాయి. చాలా ఏళ్ళు ఆ వార్త చదివి, మంచిదేలే అనుకుని పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు ఆ 'తగ్గాయి' దగ్గర ఆగిపోతున్నాను. మా అత్తమ్మ మెళ్ళో బంగారు గొలుసు, మేం సరుడు అంటాం, ఆ లెక్కలోకి ఎక్కడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి. తగ్గింది నేరాలా, రాసుకున్న నేరాలా అని అడగకుండా ఉండలేకపోతున్నాను.

మాది నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య, హైవేని ఆనుకుని ఉన్న ఊరు. పేరు చెప్పను. నేను చెప్పబోయేది ఒక్క స్టేషన్ తప్పు కాదు. ఏ ఊళ్ళో అడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు.

2025 జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు జరిగింది. ధనుర్మాసం నెలంతా అత్తమ్మ తెల్లవారి నాలుగున్నరకే లేస్తుంది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, తర్వాత గుడికి పోతుంది. ఆ రోజు మంచు దట్టంగా ఉంది. మా వీధి మలుపులో ఉన్న లైటు వెలగక అప్పటికి పది రోజులు. బైకు మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు దిగి, "అమ్మా, శివాలయం ఎటు పోవాలి?" అని అడిగాడు. ఆమె ముగ్గుపిండి చేతిని ఎత్తి చూపించింది. ఆ చెయ్యి దించేలోపల మెళ్ళో సరుడు వాడి చేతిలో ఉంది. మూడు సవర్ల సరుడు. మామయ్య సింగరాయకొండలో ఉద్యోగం చేసేటప్పుడు నెలకింత దాచి చేయించింది. తాళిబొట్లలో ఒకటి ముగ్గులో దొరికింది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు.

ఆమె కేక విని నేను బయటికి వచ్చేసరికి బైకు మలుపు తిరిగిపోయింది. మెడ చుట్టూ ఎర్రగా గీత పడి, ఒకచోట చర్మం లేచి రక్తం చిమ్మింది. అత్తమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్ళి పసుపుకొమ్ము వెతికి, తాడుకు కట్టి, మామయ్యను లేపి కట్టించుకుంది. తర్వాత, "పా, స్టేషనుకు పోదాం" అంది.

స్టేషన్లో కాగితాలు రాసే రైటర్ మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఇది చెప్పకపోతే అన్యాయం. తెల్లకాగితం ఇచ్చి, తను చెబుతుంటే నన్ను రాయమన్నాడు. "ఉదయం సుమారు ఐదు గంటలకు ఇంటి ముందు ముగ్గు వేయుచుండగా నా మెడలోని మూడు సవర్ల బంగారు సరుడు పోయినది. విచారించి ఇప్పించగలరు." నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. పదిహేడేళ్ళుగా పిల్లలకు వాక్యం ఎలా రాయాలో చెబుతున్నాను. ఆ వాక్యం నా చేత్తోనే రాశాను. టెన్షన్లో ఉన్నానని సర్దిచెప్పుకోవచ్చు గానీ, రాసేటప్పుడు అందులో ఏం లేదో నాకు తట్టలేదు.

తట్టింది అత్తమ్మకు. సంతకం పెట్టమంటే వెంటనే పెట్టలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కో పదం కూడబలుక్కుని చదివింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడికి పోయి చదువుకున్న తరం ఆమెది. ఆ రాత్రిబడుల్లో కూర్చున్న ఆడవాళ్ళే దూబగుంటలో సారా అంగడికి అడ్డం పడ్డారు. అక్కడ మొదలైంది ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. అత్తమ్మ ఏ ఊరేగింపులోనూ లేదు. కానీ చదవకుండా సంతకం పెట్టకూడదని ఆ బళ్ళో చెప్పిన మాట మాత్రం ముప్పై నాలుగేళ్ళుగా తప్పలేదు.

"పోయినది అని రాసినావేంది పాపా? పోలేదు. లాక్కపోయినారు."

రైటర్, "రెండూ ఒకటేనమ్మా, ముందు వెతకనియ్యండి" అన్నాడు. "ఎఫ్ఐఆర్ కడితే కోర్టు చుట్టూ తిరగాల. ఈ వయసులో మీకెందుకా యాతన? దొరికితే మేమే కబురు చేస్తాం."

నేనే ఆమె భుజం మీద చెయ్యి వేసి, పెట్టెయ్యి అత్తమ్మా అన్నాను. పెట్టింది. రసీదు అడగాలని కూడా తోచలేదు. ఇంటికొచ్చేశాం.

చేసినవాడు కనపడని మాట

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'పోవడం' మన భాషలో చాలా పనులు చేసే మాట. పెన్ను పోతుంది, కరెంటు పోతుంది, పరువు పోతుంది, మనిషి పోతాడు. వీటిలో దేనికీ చేసినవాడు ఉండడు. దానంతట అదే జరిగినట్టు ఉంటుంది. బడిలో పిల్లలకు కర్త, కర్మ, క్రియ అని గొంతు చించుకుంటాను. అంత చెప్పే నేను, చేసినవాడు లేని వాక్యం రాసి ఇచ్చి వచ్చాను. 'సరుడు పోయినది' అంటే తెగి జారిపోయి ఉండొచ్చు, ఎక్కడో మర్చిపోయి ఉండొచ్చు. అందులో బైకు లేదు, ఇద్దరు మగవాళ్ళు లేరు, మెడ మీద గీత లేదు.

ఇది భాష దగ్గర ఆగిపోయే గొడవ కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, మనిషి దగ్గరి నుంచి వస్తువును హఠాత్తుగా గుంజుకోవడాన్ని 'స్నాచింగ్' అని విడిగా 304వ సెక్షన్‌లో పెట్టారు. మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. పాత శిక్షాస్మృతి ఐపీసీలో దీనికి ప్రత్యేకంగా సెక్షన్ లేదు. అత్తమ్మకు జరిగినదానికి చట్టం ఇన్నాళ్ళకు ఒక పేరు పెట్టింది. కాగితం మీద మేం ఆ పేరు రాయలేదు. పోయిన వస్తువు ఫిర్యాదుకు ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. లాక్కున్న వస్తువు ఫిర్యాదుకు ఎఫ్ఐఆర్ తప్పనిసరి. ఒక్క క్రియ మార్చితే పోలీసు బాధ్యత మొత్తం మారిపోతుంది.

తప్పనిసరి అన్నది నా మాట కాదు. 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఇచ్చిన సమాచారంలో పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం కనపడితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, రాయాలా వద్దా అన్న ఎంపిక స్టేషన్‌కు లేదు. ఇప్పుడు అది, కేసు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. కాపీ ఉచితంగా ఇవ్వాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్న పేచీ పెట్టకూడదు. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో సమాచారం పంపినా తీసుకోవాలి, పంపినవాళ్ళు మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే చాలు. ఇవన్నీ నాకు ఆ రోజు తెలియవు. తెలిసినా అడిగేదాన్నా? మంచినీళ్ళిచ్చిన మనిషితో చట్టం మాట్లాడటం మనకు అమర్యాదగా తోస్తుంది. మాలాంటి మధ్యతరగతి వాళ్ళ నోరు మూయించేది చాలాసార్లు భయం కాదు, మొహమాటమే.

నలభై రోజుల తర్వాత

ఫిబ్రవరి ఆఖరులో మాకు మూడు వీధుల అవతల, పాలకు పోతున్న ఒక పెద్దావిడ మెళ్ళో గొలుసు లాగారు. అదే వేళ, అదే తీరు. ఆమె గొలుసు గట్టిది, తెగలేదు. బైకు ఆమెను నాలుగు బారల దూరం ఈడ్చుకుపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇప్పటికీ వాకర్ పట్టుకుని నడుస్తోంది.

దెబ్బలు తగిలాయి కాబట్టి ఆ రోజే ఎఫ్ఐఆర్ అయింది. చూడటానికి ఆసుపత్రికి వెళ్తే ఆమె కొడుకు ఒక మాట చెప్పాడు. "మన ఊళ్ళో ఇట్లాంటిది ఈ మధ్య జరగలేదు, ఇదే మొదలు అన్నారు మేడం స్టేషన్లో."

ఆ మాట అన్నవాళ్ళు అబద్ధమాడారని నేను అనుకోను. వాళ్ళ రికార్డులో నిజంగానే అది మొదటిది. రాత్రి గస్తీ ఏ వీధుల్లో తిరగాలి, బ్లూ కోల్ట్స్ అనే పోలీసు గస్తీ బైకు ఏ వేళకు ఎక్కడ ఉండాలి, కెమెరా ఏ మలుపులో పెట్టాలి అన్నవి ఎక్కడ ఏం జరిగిందన్న రాతను చూసి నిర్ణయిస్తారు. మా వీధిలో ఏమీ జరగలేదు, ఒక వస్తువు పోయిందంతే. అత్తమ్మ చేతిలో కాగితం పెట్టి, 'పెట్టెయ్యి' అన్నది నేనే.

ఇక్కడ నాకొక సందేహం ఉంది, దాచను. మా కాగితం ఎఫ్ఐఆర్ అయి ఉంటే ఆ పెద్దావిడ తుంటి విరిగేది కాదని చెప్పగలనా? చెప్పలేను. మంది చాలని స్టేషన్‌కు ఒక్క కేసు ఎక్కువైనంత మాత్రాన తెల్లవారుజామున కానిస్టేబుల్ వచ్చి నిలబడతాడన్న హామీ లేదు. కానీ ఆ నలభై రోజుల్లో ఊళ్ళో ఒక్క ఇంటికీ హెచ్చరిక పోలేదు. "ఐదింటికి ముగ్గు వేసేవాళ్ళు జాగ్రత్త, బైకు మీద ఇద్దరు దారి అడుగుతున్నారు" అన్న ఒక్క మాట స్టేషన్ నుంచి వాట్సాప్‌లో వచ్చినా, ఆమె కొంగు మెడ చుట్టూ కప్పుకునేదేమో. ఆ 'ఏమో' నన్ను వదలడం లేదు.

బాబాయి చెప్పిన రెండో పక్క

మా బాబాయి ప్రకాశం జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర కోపంగా ఇదంతా చెబితే సావధానంగా విని, తర్వాత అన్నాడు. "రాయడానికి మాకు చెయ్యి నొప్పి అనుకుంటారు తల్లీ మీరు. ఒక ఎఫ్ఐఆర్ కడితే దాని వెనక ఎంత పనో తెలుసునా? సీన్‌కి పోవాల, పంచనామా రాయాల, సాక్షుల్ని రమ్మని బతిమాలుకోవాల, కేస్ డైరీ నడపాల. మధ్యలో జాతర బందోబస్తు, మంత్రిగారి బందోబస్తు. నెల తిరిగేసరికి క్రైమ్ మీటింగు. అక్కడ పెద్దాఫీసరు నిలబెట్టి అడుగుతాడు, నీ స్టేషన్లో స్నాచింగులు ఎందుకు పెరిగినాయి, ఎన్ని పట్టినావు అని. రాసినోణ్ణి అడుగుతారు. రాయనోణ్ణి ఎవరూ అడగరు."

ఈ ఆఖరి మాట విన్నాక నా కోపం దిక్కు మారింది. రైటర్‌ను తిట్టుకోవడం తేలిక. కానీ నిజం రాసినవాడికి చీవాట్లు, రాయనివాడికి మెప్పు అన్నప్పుడు, ఏ మనిషైనా ఎటు వంగుతాడు? ఆ మెప్పు ఇచ్చేది ఎవరు? పై అధికారులు మాత్రమే కాదు. 'నేరాలు తగ్గాయి' అన్న హెడ్డింగు చూసి సంతోషించే నేను కూడా. పెరిగాయని వస్తే, శాంతిభద్రతలు క్షీణించాయని మర్నాడే ధర్నాకు దిగే పార్టీలు కూడా. ఏ పార్టీ అధికారంలో ఉంటే దానికి తగ్గాలి, ఏది ప్రతిపక్షంలో ఉంటే దానికి పెరగాలి. ఈ రెండింటి మధ్య రాసే చెయ్యి ఆగిపోతోంది.

దేశం మొత్తం నేరాల లెక్కలు అచ్చువేసే జాతీయ నేర గణాంకాల సంస్థే తన నివేదికలో ఒక హెచ్చరిక చేస్తుంది. నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు, రెండింటినీ కలిపి చూడొద్దని. కేరళ ఏళ్ళ తరబడి జనాభా లెక్కన నమోదయ్యే నేరాల రేటులో పై వరసలో కనిపిస్తుంది. అయినా కేరళలో బతకడం ప్రమాదమని మనం అనుకోం. అక్కడ జనం స్టేషన్‌కు పోతారు, స్టేషన్ రాసుకుంటుంది. లెక్క పెద్దదిగా కనపడటంలో అది చాలా భాగం.

బాబాయి ఇంకొక మాటన్నాడు, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కేసు కట్టి, దొంగను పట్టి, బంగారం రికవరీ చేస్తే, ఆ సొత్తు కోర్టుకు పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే లాయరును పెట్టి పిటిషన్ వేయాలి, పూచీ ఇవ్వాలి, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి. చాలాసార్లు సరుడు సరుడుగా దొరకదు, కరిగించిన ముద్దగా దొరుకుతుంది. ఇంత చూసిన ఆడవాళ్ళు మళ్ళీ స్టేషన్ గడప తొక్కరు. రైటర్ చెప్పిన యాతన కట్టుకథ కాదు. ఆ యాతనను తగ్గించే బదులు ఫిర్యాదునే తగ్గించడం ఏం పద్ధతి అన్నదే నా బాధ.

ఐదు వేల లోపు వస్తువులు

మా పుట్టిల్లు కనిగిరి వైపు మెట్ట ఊరు. బోర్ల మీద బతికే పల్లె. అక్కడ దొంగలు ఇళ్ళలోకి రారు, చేలల్లోకి వస్తారు. రాత్రిపూట బోరు మోటారు కేబుల్ వైరు కోసుకుపోయి, పైన ప్లాస్టిక్కు కాల్చేసి, రాగి అమ్ముకుంటారు. మా తమ్ముడిది రెండు సార్లు పోయింది. (చూశారా, నేనూ పోయిందనే రాశాను. రెండు సార్లు కోసుకుపోయారు.) వాడు ఎప్పుడూ కంప్లయింట్ ఇవ్వలేదు. "మూడు, నాలుగు వేల వైరుకు కంప్లయింట్ ఏందక్కా, పైరు ఎండిపోతాంటే స్టేషన్లో కూర్చోమంటావా? కొత్త వైరు తెచ్చుకుంటే పోయె" అంటాడు. ఒక్క ఏడాదిలోనే వాళ్ళ ఊళ్ళో ఎందరివో అట్లా కోసేశారు.

కొత్త చట్టం ఇక్కడ వాణ్ణి ఇంకొంచెం వెనక్కి నెట్టింది. దొంగిలించిన వస్తువు విలువ ఐదు వేల రూపాయల లోపు అయితే, అది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం కాదు. మేజిస్ట్రేటు అనుమతి ఉంటేనే దర్యాప్తు చేయాలి. చిన్న చిన్న గొడవలకు స్టేషన్లు నిండిపోకూడదన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ పదిమంది రైతుల నాలుగు వేల వైరు కలిపితే నలభై వేలు, అది ఒకే ముఠా పని. విడివిడిగా చూస్తే ఏదీ నేరం లెక్కలోకి రాదు. పదిమందీ కలిసి ఒకే కాగితం మీద రాసిస్తే కనీసం అధికారికి ఆ ముఠా కనపడుతుంది. తమ్ముడికి ఇదే చెప్పాను. ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళు ఒక కాగితం మీద సంతకాలు పెట్టేదెట్లా అన్నాడు. అది మా ఊరి నిజం, దానికి చట్టంలో మందు లేదు.

ఒక లారీ కనిపించడం లేదని

కాగితానికి ఇంత బలం ఉందా అని అడిగేవాళ్ళు ఒంగోలు హైవే హత్యలు గుర్తు తెచ్చుకోవాలి. 2008లో ఆ రోడ్డు మీద ఇనుము లోడుతో పోయే లారీలు మాయమయ్యేవి. మున్నా అనేవాడి ముఠా అధికారుల్లా నటిస్తూ రాత్రిపూట లారీలను ఆపి, డ్రైవరునూ క్లీనరునూ చంపి పాతిపెట్టి, ఇనుము అమ్ముకుని, లారీని ముక్కలు చేసి తుక్కుకు వేసేది. చచ్చిపోయినవాళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళ వాళ్ళో. ఇక్కడ వాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళు లేరు. లోడు అమ్ముకుని డ్రైవరే పారిపోయాడని అనుకుంటే అక్కడితో అయిపోయేది. లారీలో ఉన్న మనుషులు కూడా కనిపించడం లేదంటూ ఒక లారీ యజమాని ఇచ్చిన ఫిర్యాదును పట్టుకుని లాగితే మొత్తం బయటపడింది. 2021 మే నెలలో ఒంగోలు కోర్టు పన్నెండు మందికి మరణశిక్ష వేసింది. తీర్పు రావడానికి అన్నేళ్ళు పట్టిందన్నది వేరే బాధ.

ఆ ఫిర్యాదును కూడా ఎవరైనా 'లారీ పోయినది' అని రాయించి పక్కన పెట్టి ఉంటే? ఇదే హైవే మీద, ఇదే పోలీసులు, రాసుకుని వెంటపడితే ఎంత దూరం పోగలరో చూపించారు. వాళ్ళకు చేతకాదని నేను అనను.

నేను వెనకాడిన చోటు

ఇక్కడిదాకా నా మాట సూటిగానే ఉంది. ఇప్పుడు చెప్పేది అంత సూటిగా లేదు.

రెండో సంఘటన తర్వాత ఊరి చివరి ఎరుకల కాలనీ నుంచి ముగ్గురు కుర్రాళ్ళను స్టేషన్‌కు పిలిపించారు. రెండు రోజులు కూర్చోబెట్టి పంపేశారు. ఏమీ తేలలేదు. వాళ్ళలో ఒకడు నా దగ్గర పది చదివాడు. ఇప్పుడు హార్డ్‌వేర్ అంగట్లో పని చేస్తాడు. వాడి అమ్మ మా ఇంటికొచ్చి, గడప బయటే నిలబడి అడిగింది. "మేడమా, మీ అత్తగారు గానీ మావోడని చెప్పినారా?"

చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. కానీ మన దగ్గర దొంగతనం అనగానే చూపు ఆ కాలనీల వైపే పోతుంది. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవాళ్ళ మీద పడింది. స్టూవర్టుపురంలోనూ, మన కావలిలోనూ కుటుంబాలకు కుటుంబాలనే సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టిన చట్టం అది. 1952కల్లా దేశమంతటా రద్దయింది. రద్దయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆ తల్లి మా గడప బయటే నిలబడింది.

అప్పుడు నాకు భయమేసింది. ప్రతి ఫిర్యాదూ రాయాలి, రాసిన ప్రతిదానికీ దొంగను చూపించాలి అని మేం ఒత్తిడి పెడితే, ఆ ఒత్తిడి చివరికి ఎవరి మీద పడుతుంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వెనక్కి లాగింది. అత్తమ్మ ఫిర్యాదు సంగతి మళ్ళీ ఎత్తకుండా వదిలేద్దామని కూడా అనుకున్నాను.

కానీ ఆ కుర్రాళ్ళకు జరిగినదీ కాగితం మీద లేదు. ఒకరిని విచారణకు రమ్మనాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాళ్ళకు ఇవ్వలేదు, ఫోన్ చేసి రమ్మన్నారు. రెండు రోజులు అక్కడ ఉన్నట్టు ఎక్కడా సాక్ష్యం లేదు. రెండు రోజుల కూలి పోయిందని అడగడానికి ఆధారం లేదు. మా అత్తమ్మ మెడ మీద గీత రాతకెక్కలేదు, ఆ పిల్లల రెండు రోజులూ రాతకెక్కలేదు. బాధపడినవాళ్ళకూ, అనుమానం మోసినవాళ్ళకూ అన్యాయం జరిగింది ఒకే దారిలో. అంచేత రాయడం తగ్గించమని కాదు, రెండు వైపులా రాయమనే అడగాలని నిశ్చయించుకున్నాను. పైగా దొంగను పట్టమని ఒత్తిడి పెట్టడం వేరు, ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాసుకోమనడం వేరు. మొదటిదానికి తొందరపెట్టకుండా రెండోదాన్ని అడగొచ్చు.

అందుకే సంవత్సరాంతపు ప్రెస్ మీట్‌లో నాకు వేరే లెక్కలు కావాలి. ఈ ఏడాది స్టేషన్లకు ఎన్ని అర్జీలు వచ్చాయి? వాటిలో ఎన్ని ఎఫ్ఐఆర్ అయ్యాయి? కానివి ఎందుకు కాలేదు? ఎంతమందిని నోటీసు ఇచ్చి పిలిచారు? విలేకరులు ఈ నాలుగూ అడిగితే, మర్నాడు పేపర్లో నేరాలు పెరిగాయని వచ్చినా నేను భయపడను. రాసుకునే స్టేషన్ ఉందని ధైర్యంగా ఉంటుంది.

మళ్ళీ అత్తమ్మ

మార్చి మొదట్లో ఆమే అడిగింది, "మన కాగితం సంగతేందో కనుక్కోవా?" అని. బాబాయి దారి చెప్పాడు. స్టేషన్లో రాయకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు పెట్టుకోవచ్చు, 173వ సెక్షన్లోనే ఉంది అన్నాడు. ఈసారి నేను రాయలేదు. అత్తమ్మే రాసింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒత్తులు అక్కడక్కడ తప్పు, రెండు పేజీలు. బైకు, మంచు, శివాలయం దారి, ముగ్గులో దొరికిన తాళిబొట్టు, దొరకని తాళిబొట్టు, వెలగని లైటు. 'లాక్కపోయినారు' అని మూడు చోట్ల రాసింది. జిల్లా ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టు చేశాం. పది రోజుల్లో స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. అదే రైటర్ ఎఫ్ఐఆర్ కాపీ చేతికిచ్చాడు. "ముందే గట్టిగా చెప్పి ఉంటే అయిపోను కదమ్మా" అన్నాడు. దానికి అత్తమ్మ ఏమీ అనలేదు.

రెండు నెలలు ఆలస్యమైన కేసు. రేపు ఎవరైనా దొరికినా, అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారని లాయరు అడుగుతాడు. ఆ రెండు నెలలూ నా చేతిరాతే పోగొట్టింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని చట్టంలో ఉంది. జూన్‌లో ఒక మెసేజ్ వచ్చింది, దర్యాప్తు సాగుతోందని. వీధి లైటు మాత్రం వెలిగింది. స్టేషన్ నుంచి మున్సిపాలిటీకి రాశారట.

మొన్న సంక్రాంతి వెళ్ళాక నోటీసు వచ్చింది. నిందితుల ఆచూకీ తెలియనందున కేసు మూసివేయడానికి కోర్టుకు నివేదిక పంపుతున్నామని. అత్తమ్మ మంచం మీద కూర్చుని, వేలు ఆనించి, చివరిదాకా చదివింది. మడిచి, రేషన్ కార్డు పెట్టుకునే కవర్లో ఎఫ్ఐఆర్ కాపీ వెనక పెట్టబోయి, ఆగింది.

"దీనికి మనం ఏమన్నా రాయొచ్చునా?"

ఒప్పుకోకపోతే కోర్టుకు చెప్పుకోవచ్చని బాబాయి అన్నట్టు గుర్తు, రాయొచ్చు అన్నాను. పిల్లవాడి రఫ్ బుక్కులోంచి కాగితం చించబోతే, అది కాదు, తెల్లది తెమ్మంది.